మిరపకాయల షెడ్డులో మేలుకొలుపు

నోటికి గుడ్డ కట్టుకోకూడదు. ఆ షెడ్డులో మాకు పెట్టిన నియమం అదొక్కటే. ఎండు మిరపకాయలకి తొడిమలు తీసే చోట ముక్కూ నోరూ కప్పుకోకుండా కూర్చోమనడం ఎంత మాటో ఆ పని చేసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. చేయనివాళ్ళు, పోపులో మిరపకాయ మాడినప్పుడు ఇంటిల్లిపాదీ ఎలా వీధిలోకి పరిగెత్తుతారో గుర్తు తెచ్చుకుంటే చాలు. మేము ఆ పోపులోనే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళం.

డెబ్బైల నడుమ సంగతి. తిరువూరులో ఊరి చివర ఒక షావుకారు గారి షెడ్డు అది. పైన రేకులు, మూడు వైపులా గోడ, నాలుగో వైపు పెద్ద గుమ్మం. గుమ్మానికి ఎదురుగా కల్లం. వినగడప వైపు నుంచి బళ్ళ మీద వచ్చిన కాయ ముందు కల్లంలో ఆరేది, ఆరిన తరువాత షెడ్డులోకి వచ్చేది. ముప్పై మంది ఆడవాళ్ళం వరసల్లో కూర్చుని, ఒక్కొక్క కాయకీ తొడిమ గిల్లి, ఎర్రకాయని ఒక పక్కకీ, రంగుపోయిన తాలుకాయని ఒక పక్కకీ వేసేవాళ్ళం. నా భర్త ఆ కాయ తెచ్చే బళ్ళలో ఒకటి తోలేవారు. ఆయన అడగబట్టి నాకు అక్కడ చోటు దొరికింది. ఎండలో వంగి చేసే పని కాకుండా నీడన కూర్చుని చేసే పని ఇప్పించినందుకు మా వేణుగోపాలస్వామికి రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని. ఇంకా ఎన్నింటికో పెట్టుకునేదాన్ని. అది మా అమ్మ నేర్పిన అలవాటు.

మా పుట్టిల్లు నెమలి అనే ఊరు. నేను బడికి వెళ్ళలేదు. నాన్న పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, పళ్ళెంలో ఇసుక పోసి నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. అమ్మకి చదువు రాదు గానీ పాటలు వచ్చు. వేణుగోపాలస్వామిని పొద్దున లేపడానికి ఒకటి, స్నానానికి ఒకటి, ఆరగింపుకి ఒకటి, హారతికి, పవళింపుకి ఒక్కొక్కటి. రోజంతటికీ సరిపడా పాటలు. నేను ముగ్గు వేస్తూ, అంట్లు తోముతూ, వాటిని నేర్చుకున్నాను. పాడితే ఎవరో వింటారని కాదు, ఎవరో ఒకరు ఉన్నారని తెలియడానికి పాడేదాన్ని.

షెడ్డులో మొదటి రెండేళ్ళూ పాట లేదు. మెత్తని పాతచీర ముక్క తడిపి ముక్కుకీ నోటికీ కట్టుకునేవాళ్ళం. వేళ్ళకి ఆముదం రాసుకునేవాళ్ళం, బుగ్గన బెల్లంముక్క పెట్టుకునేవాళ్ళం. నోరు తెరిస్తే ఘాటు లోపలికి పోతుందని ఎవరూ మాట్లాడేవారు కాదు. కావలసింది కళ్ళతో చెప్పుకునేవాళ్ళం. నా పక్కన కూర్చునే సాయిబుల కోడలు కళ్ళతోనే ఎకసెక్కాలు చేసి నవ్వించగలిగేది. వాళ్ళాయన బస్టాండు దగ్గర జట్కా తోలేవాడు.

మూడో ఏడు కాయ మొదలైన కొద్దిరోజులకి షావుకారు గారు ఎక్కడో పెద్ద ఊరికి వెళ్ళి, ఎవరిదో మిల్లు చూసి వచ్చారు. అక్కడ పనివాళ్ళు నవ్వు మొహాలతో, పాడుకుంటూ పనిచేస్తున్నారట. మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఏంటమ్మా ఇది, చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. మూతులకి ఆ గుడ్డలేంటి, దొంగల్లాగా?"

"ఘాటండీ" అంది ఎవరో గుడ్డలోంచే.

"ఘాటు నాకు మాత్రం లేదా? నేను కట్టుకున్నానా?"

ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు. "లోపలికొచ్చి నాలుగు కాయలు గిల్లండి షావుకారు గారూ, బెల్లంముక్క నేనిస్తా" అని సాయిబుల కోడలు నాకు మాత్రం వినపడేట్టు గొణిగింది.

"సరుకు మనిషి చెయ్యిని కనిపెట్టుద్దమ్మా" అన్నారాయన. "ఇష్టంగా ముట్టుకుంటే రంగు నిలబడుద్ది. ఏడుస్తా ముట్టుకుంటే వారానికే దిగిపోద్ది. హస్తవాసి అని పెద్దలు ఊరికే అన్నారా? రేపటి నుంచి ఆ గుడ్డలు తీసెయ్యండి. మొహాలు కనపడాలి నాకు. పాడుకుంటా చెయ్యండి. నాట్లప్పుడు పాడరూ?"

"నాట్లప్పుడు నీళ్ళలో ఉంటామండీ. ఇది నిప్పు కదండీ" అంది సాయిబుల కోడలు, ఈసారి పైకే.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. "అదిగో, ఆ నవ్వే కావాలి నాకు" అన్నారు.

ఆయన చెడ్డమనిషి కాదు. మధ్యాహ్నం కుండెడు మజ్జిగ పంపేవారు, చేతుల మంటకి పూసుకోవడానికీ తాగడానికీ. ఎవరికైనా జ్వరమొస్తే బండి మీద ఇంటికి పంపేవారు. ఆ మజ్జిగ నేను తాగాను. దాన్ని తక్కువ చేసి రాయను. మా చేతుల్లో ఇష్టం ఉంటే తన సరుకు బాగుపడుతుందని ఆయన నిజంగానే నమ్మారు. ఇష్టం కావాలంటే మా దగ్గర అడిగి తీసుకోవచ్చని కూడా నమ్మారు.

మర్నాడు గుడ్డలు తీసి కూర్చున్నాం. ఎవరికీ పాట రాలేదు. ఒకామె నాట్లపాట ఎత్తుకుని రెండో మాటకే పొలమారి ఆగిపోయింది. షావుకారు గారు గుమ్మంలోంచే వరసలు చూసుకుంటూ వచ్చి నా మొహం దగ్గర చూపు ఆపారు.

"నువ్వు మన బండి తోలే అతని భార్యవి కదూ? నీకు దేవుడి పాటలొచ్చంటగా. మొదలెట్టమ్మాయ్."

అమ్మ నేర్పిన మేలుకొలుపు ఎత్తుకున్నాను. ముక్కుతో చిన్నచిన్నగా ఊపిరి తీసుకుంటూ, మాట చివర నోరు మూసుకుంటూ పాడితే ఘాటు అంతగా లోపలికి పోలేదు. అది నాకు ఎలా తట్టిందో తెలియదు. పాట అయ్యేసరికి షావుకారు గారు రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నారు. అప్పటికప్పుడు నాకు గుమ్మం పక్కన పీట వేయించారు. అక్కడ కూర్చుని నేను పాడాలి, మిగతావాళ్ళు అందుకోవాలి.

గుమ్మం దగ్గర గాలి వచ్చేది. రెండేళ్ళ తరువాత పనిలో ఉండగా మొహానికి గాలి తగిలితే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. స్వామీ, నీ పాటకి నాకు గాలి ఇచ్చావు అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. మిగిలిన ఇరవై తొమ్మిది మందికి ఆ గాలి లేదన్న సంగతి నా దణ్ణంలోకి రాలేదు.

ఆ రోజు నుంచి పొద్దున మేలుకొలుపు, మధ్యాహ్నం ఆరగింపు, సాయంత్రం హారతి. షావుకారు గారు కల్లానికి అవతల తన గదిలో కుర్చీ వేసుకుని వినేవారు. పాట పల్చబడితే వచ్చి మొహాలు చూసేవారు. ఎవరైనా దగ్గితే, "ఇష్టం లేనోళ్ళకే దగ్గొచ్చేది" అనేవారు. అందుకని దగ్గు వచ్చినప్పుడు అందరూ కొంచెం గట్టిగా పాడేవారు.

మాలో ఒక పెద్దావిడ ఉండేది. అందరం పెద్దక్క అనేవాళ్ళం. ఎప్పుడో బావిలో పూడిక తీస్తుంటే జారిపడి ఆమె ఎడమకాలు వంగకుండా పోయింది. ఆ కాలు ముందుకు చాపుకుని కూర్చునేది. ఇంట్లో ఎవరూ లేరు. చేలో పనికి వంగలేదు, కల్లంలో నిలబడలేదు. కూర్చుని చేసే పని ఆమెకి ఇదొక్కటే దొరికింది. చెయ్యి మాత్రం మా అందరి కంటే చురుకు. కళ్ళు మూసుకుని వేలితో తడిమి ఏది ఎర్రకాయో ఏది తాలుకాయో చెప్పేది. ఆమె కుప్ప ఎప్పుడూ ముందు తరిగేది. కానీ ఆమెకి గొంతు లేదు, నోరు తెరిస్తే దగ్గు. మొహం కూడా ఎప్పుడూ ముడుచుకునే ఉండేది.

"పెద్దమ్మా, కాస్త నవ్వమ్మా" అన్నారు ఒకరోజు షావుకారు గారు.

"పళ్ళు లేవు బాబూ. ఏం పెట్టి నవ్వను?"

"మనసు పెట్టి నవ్వు."

"ఈ మొహం పుట్టినకాడి నుంచీ ఇట్టాగే ఉంది బాబూ. మా ఆయన పెళ్ళిపీటల మీదే అడిగాడు, నేనంటే ఇష్టం లేదా ఏంటని."

వరసలన్నీ నవ్వాయి. షావుకారు గారు నవ్వలేదు. చిన్నపిల్లకి బుద్ధి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. "నీకు ఇష్టం లేకపోతే చెప్పమ్మా. ఇష్టం లేని మనిషిని కూర్చోబెట్టి చేయించుకోవడం పాపం. కల్లంలో కాయ తిరగేసే పనుంది. అక్కడ పాట అక్కర్లేదు."

కల్లంలో అంటే పొద్దస్తమానం ఎండలో నిలబడి, వంగి, కాయ తిరగేయాలి. ఆ కాలితో ఆమె అక్కడ ఎన్ని రోజులు ఉండగలదో అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసనే అనుకుంటాను.

"ఇష్టమే బాబూ" అంది పెద్దక్క. "ఇష్టం లేకేం."

"మరి కనపడాలి కదమ్మా. సోమవారం దాకా చూస్తాను."

ఆ మధ్యాహ్నం మజ్జిగ తాగేటప్పుడు నేను ఆమె పక్కకి జరిగి చెప్పాను. "పెద్దక్కా, నువ్వు నా వెనకాల కూర్చో. నోరు ఆడించు, చాలు. పాట నేను చూసుకుంటా."

"దొంగపాటా?"

"దొంగపాట కాదు. నీ వంతు కూడా నేనే పాడతా."

"తిండి కూడా నా వంతు నువ్వే తింటే బావుండు అమ్మాయ్, ఈ పనే ఉండేది కాదు" అంది. కానీ ఆ సాయంత్రం నుంచే నా వెనకాల కూర్చుంది.

నేను ఆ పని మంచి మనసుతోనే చేశాను. అందుకే ఇన్నేళ్ళయినా మింగుడుపడదు. గొంతు నాదే అయినా, నోరు ఆమెదే తెరవాలి కదా. దగ్గు వస్తే షావుకారు గారికి తెలిసిపోతుంది. అందుకని ఆమె దగ్గుని మింగేది. పాట మధ్యలో నా వెనక నుంచి గుటక చప్పుడు వినపడేది. తిరిగి చూస్తే కళ్ళు ఎర్రగా, పెదవులు మాత్రం పాటతో పాటు ఆడుతూ ఉండేవి. నా పీట ఆమెకిచ్చి నేను లోపలికి పోదామని రెండుసార్లు అనుకున్నాను. రెండుసార్లూ పాట మొదలెట్టే వేళయింది.

సోమవారం వచ్చింది, పోయింది. షావుకారు గారు ఎంతో సంతోషించారు. "చూశారా, అలవాటు చేసుకుంటే ఇష్టం అదే వచ్చుద్ది" అని అందరికీ చూపించారు.

ఆ వేళ ఇంటికి పోతూ దారిలో పెద్దక్క నన్ను అడిగింది. "అమ్మాయ్, మీ స్వామి పాట వింటాడా, నోరు చూస్తాడా?"

"మనసు వింటాడు పెద్దక్కా."

"అయితే షావుకారు కంటే నయమే" అంది. తరువాత రోడ్డు పక్కన ఆగి, కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు దగ్గింది. నేను వీపు రాస్తూ నిలబడ్డాను.

ఆ వారంలోనే సరుకు కొనే పెద్దమనిషి ఒకాయన కారులో వచ్చాడు. షావుకారు గారు ఆయన్ని మా గుమ్మం దగ్గరికి తీసుకొచ్చారు. మేము పాడుతున్నాం. ఆయన తల ఊపాడు.

"మా దగ్గర మూతికి గుడ్డలు కట్టరు సార్. ఇష్టంగా చేస్తారు, దేవుడి పాటలు పాడుకుంటా. ఈ పెద్దమ్మని చూడండి. మొదట్లో నోరు విప్పేదే కాదు. ఇప్పుడు అందరికంటే ముందు. పెద్దమ్మా, నువ్వొక్కదానివే ఒక చరణం పాడు, సార్ వింటారు."

షెడ్డులో చేతులు ఆగిపోయాయి. నేను గబుక్కున పాట ఎత్తుకున్నాను. షావుకారు గారు అరచెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వాగమ్మాయ్."

పెద్దక్క నా వంక చూసింది. నిష్ఠూరం ఏమీ లేదు ఆ చూపులో. తరువాత పాడింది.

ఆమె గొంతు నేను వినడం అదే మొదలు. మగగొంతులా లోతుగా ఉంది. వరస తప్పలేదు. ఇన్ని రోజులూ ఉత్తినే పెదవులు ఆడిస్తున్నదనుకున్నాను గానీ, ఆమె పాటంతా నేర్చుకుంది. మూడు మాటలు పలికింది, నాలుగో మాటకి ఊపిరి కోసం నోరంతా తెరిచింది. ముక్కుతో తీసుకోవాలని నేను చెప్పలేదు. పాట నేను చూసుకుంటానన్నాను గానీ, ఆమె ఊపిరి సంగతి నాకు తట్టలేదు.

అన్ని రోజులు మింగిన దగ్గు ఒక్కసారిగా వచ్చింది. మిరపకాయల దగ్గర ఒకరు దగ్గితే ఆగదు. వరస వెంబడి వరస, ముప్పై మందీ దగ్గడం మొదలెట్టాం. కొనడానికి వచ్చినాయన జేబురుమాలు తీసి ముక్కూ నోరూ మూసుకుని కల్లంలోకి వెనక్కి నడిచాడు. షావుకారు గారు కండువా అడ్డం పెట్టుకుని ఆయన వెనకే వెళ్ళారు. ఆ గడియలో అక్కడ నోటికి గుడ్డ ఉన్నది వాళ్ళిద్దరికే.

మర్నాడు షావుకారు గారు కేకలేయలేదు. కేకలేసినా బాగుండేది. పెద్దక్క ముందు నిలబడి మెల్లగా అన్నారు. "నిన్ను తప్పు పట్టడం లేదు పెద్దమ్మా. మనసు లేనిచోట మనిషి ఉండకూడదు. కల్లంలోకి వెళ్ళు."

"మనసుంది బాబూ. ఊపిరే లేదు."

"రెండూ ఒకటేనమ్మా."

ఆమె నా భుజం పట్టుకుని లేచింది. నేనే నేర్పానండీ, తప్పు నాదండీ అన్న మాట నా నాలుక మీదికి వచ్చింది. అదంటే పీట పోతుంది. పీటతో ఆగుతుందో, నా భర్త బండి దాకా పోతుందో తెలియదు. నేను ఆ లెక్కలో ఉండగానే ఆయన నావైపు తిరిగి, "మొదలెట్టమ్మాయ్" అన్నారు.

మొదలెట్టాను. స్వామిని లేపే పాట. పెద్దక్క కాలు ఈడ్చుకుంటూ కల్లం మధ్యకి పోవడం గుమ్మంలోంచి నాకు కనపడుతూనే ఉంది. ఆ పాట నడక నెమ్మది. ఆమె నడక దానికి సరిపోయింది.

రెండు రోజులు చేసింది. మూడో రోజు మధ్యాహ్నం ఆ ఎర్రటి కాయల నడుమ కూలబడిపోయింది. తరువాత రాలేదు. ఆమె చోట మర్నాడే ఇంకొక అమ్మాయి వచ్చి కూర్చుంది. గట్టిగా పాడేది, బాగా నవ్వేది. నెల తిరక్కుండా ఆ పిల్ల గొంతూ బొంగురుపోయింది.

నేను చెంబుతో మజ్జిగ తీసుకుని పెద్దక్క గుడిసెకి వెళ్ళాను. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఇవాళ పాడావా?" అని అడిగింది.

"పాడాను."

"బాగా పాడావా?"

"షావుకారు గారు మెచ్చుకున్నారు."

"అయితే మంచిది. నీ చోటు నిలబడుద్ది." మజ్జిగ రెండు గుటకలు తాగి చెంబు పక్కన పెట్టింది. "నన్ను తాలులో కలిపేశారు అమ్మాయ్. కలపనీ. తాలుకాయైనా కారంగానే ఉండుద్ది."

నేను నవ్వాలని చూశాను. నాకు రాలేదు.

రెడ్డిగూడెంలో ఆమెకి తమ్ముడి కోడలు ఒకామె ఉందన్నారు. తీసుకెళ్తామని వాళ్ళేమీ కబురు చేయలేదు. ఇక్కడ ఉండి చేసేదేముందని పెద్దక్కే వెళ్ళింది. అటు వెళ్ళే ఖాళీ గోనెసంచుల బండి నా భర్తదే అయింది. పొద్దున్నే షెడ్డు ముందు ఆగింది. సంచుల నిండా మిరపధూళి. పెద్దక్క వాటి మీద కాలు చాపుకుని కూర్చుని, బొడ్లోంచి పాత గుడ్డముక్క తీసి ముక్కుకీ నోటికీ బిగించి కట్టుకుంది.

"ఇప్పుడు ఎవరూ ఏమీ అనరుగా" అంది గుడ్డలోంచి.

బండి కదిలింది. కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలుసుకునే వీల్లేదు. సాయిబుల కోడలు ఖాళీ మజ్జిగకుండ పక్కన నిలబడి బండి మలుపు తిరిగేదాకా చూసింది. తన గదిలోంచి షావుకారు గారు నన్ను పాటకి పిలిచారు. ఆ రోజు ఎప్పటికంటే బాగా పాడానన్నారు.

పెద్దక్క సంగతి ఆ తరువాత ఎవరూ చెప్పలేదు. నా భర్త ఇంకో రెండుసార్లు ఆ ఊరు వెళ్ళారు. అడిగానని అన్నారు, ఎవరూ సరిగ్గా చెప్పలేదన్నారు. నేను ఆ షెడ్డులో ఇంకా నాలుగు కాయల కాలాలు పాడాను. ఒక ఏడు షావుకారు గారు చీర పెట్టారు. అది కట్టుకుని నెమలి వెళ్ళి గుడిలో స్వామి ముందు నిలబడ్డాను. పాట ఎత్తుకుంటే షెడ్డులో పాడిన పాటే వచ్చింది, ముక్కుతో చిన్నచిన్న ఊపిరితో, మాట చివర నోరు మూసుకుంటూ. అమ్మ నేర్పిన పాట నా దగ్గర లేదు. ఎంత వెతికినా లేదు.

ఇప్పుడు కూడా పొద్దున దీపం పెట్టి మేలుకొలుపు మొదలెడితే కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే గిల్లుతుంటాయి, ఏమీ లేని చోట. దణ్ణాలు మానలేదు. తిండికి, నీడకి, ఇన్నేళ్ళ ఆయుష్షుకి వరసగా పెట్టుకుంటాను. వరసలో గుమ్మం పక్కన తగిలిన ఆ గాలి కూడా వస్తుంది. అక్కడికి వచ్చేసరికి నా వెనక గుటక చప్పుడు వినపడుతుంది. చేతులు దించేస్తాను.